ఈ మందు ఎవరికి అని అడగండి: విశాఖ మందుల దుకాణదారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో మందుల దుకాణాలు నడుపుతున్న యజమానులకు, కౌంటరు దగ్గర నిలబడి మందులిచ్చే ఫార్మసిస్టులకు నమస్కారం.

మా ఇల్లు కంచరపాలెంలో. ఇంట్లో చిట్టి అనే కుక్క ఉంది. వయసు 4 ఏళ్లు, బరువు 18 కిలోలు. వానలో తడుస్తూ మా అరుగు కిందికి చేరిన వీధి కుక్కపిల్ల, ఇక వెళ్లలేదు. పోయిన ఏడాది కార్తీక మాసంలో ఒక రాత్రి నిద్రలో దాని కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. కల కంటోంది అనుకున్నాను. దవడ బిగుసుకుపోయి, నోటి వెంట నురగ వచ్చి, పడుకున్న చోటే మూత్రం పోసుకున్నాక గాని అది కల కాదని నాకు తెలియలేదు. పక్కింటి పెద్దావిడ పరుగున వచ్చి తాళాల గుత్తి దాని కాళ్ల దగ్గర పెట్టారు. మనుషులకు ఫిట్స్ వస్తే ఏం చేయడం ఆవిడ చూశారో అదే చేశారు. రెండు వారాల్లో ఇంకో రెండుసార్లు వచ్చింది. పశువైద్యుడు రక్తపరీక్షలు చేయించి, మూర్ఛ వ్యాధి అని తేల్చి, ఫినోబార్బిటోన్ 60 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, 12 గంటల తేడాతో ఇవ్వమని రాశారు. ఒక్క పూట కూడా తప్పకూడదని, ఒంటికి అలవాటైన ఈ మందును హఠాత్తుగా ఆపేస్తే అంతకుముందు వచ్చిన వాటికన్నా పెద్ద మూర్ఛ రావచ్చని రెండు మూడుసార్లు చెప్పారు.

మొదటి రెండు నెలల మాత్రలు ఆయన దగ్గరే దొరికాయి. మూడో నెల ఆయన దగ్గర స్టాకు లేక, బయట కొనుక్కోమని చీటీ ఇచ్చారు. అది శనివారం సాయంత్రం. ఇంట్లో మిగిలింది ఒకే మాత్ర.

మొదటి దుకాణంలో చీటీ పైభాగం మాత్రమే చూసి, ఇది పశువుల డాక్టరు రాసినది, మేం ఇవ్వకూడదమ్మా అన్నారు. రెండో దుకాణంలో, ఇది మత్తు కలిగించే మందు, కుక్క పేరు చెప్పి తీసుకెళ్తే రేపు తనిఖీ వచ్చినప్పుడు మేం ఏం చెప్పాలి అన్నారు. మూడో దుకాణంలో కాదనలేదు. ఆ మాత్ర లేదు, ఇదీ ఫిట్స్‌కే అంటూ ఫెనిటాయిన్ స్ట్రిప్పు చేతిలో పెట్టారు. నేను తెచ్చుకున్నాను. ఆదివారం రెండు పూటలా చిట్టికి అదే వేశాను.

సోమవారం తెల్లవారుజామున మూర్ఛ వచ్చింది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. 6 నిమిషాలు దాటినా ఆగలేదు. 5 నిమిషాలు దాటిన మూర్ఛ మెదడుకే ముప్పు అని నాకు అప్పటికే చెప్పి ఉన్నారు. ఆటోలో చిట్టిని ఒళ్లో పెట్టుకుని వెళ్తుంటే దాని ఒళ్లు జ్వరం వచ్చినట్టు కాలిపోతోంది. వైద్యుడు సూది మందుతో ఆపగలిగారు. ఫెనిటాయిన్ మనిషి ఒంట్లో రోజంతా నిలిచి పనిచేసే మందే. కుక్క ఒంట్లో మాత్రం కొన్ని గంటల్లోనే విరిగి బయటికి పోతుంది, అందుకే కుక్కలకు దాన్ని రాయడం దాదాపుగా మానేశాం అని ఆ తర్వాత ఆయన చెప్పారు. అంటే ఆ ఆదివారం మా చిట్టి ఒక అలవాటైన మందు ఆగిపోయి, ఇంకో మందు ఉన్నా లేనట్టే గడిపింది. ఆ మాత్ర ఇచ్చిన వ్యక్తి మీద నాకు కోపం లేదు. వైద్యుణ్ణి అడగకుండా వేసింది నేను. కానీ చీటీలో ఉన్న పేరు ఒకటి, స్ట్రిప్పు మీద ఉన్న పేరు ఇంకొకటి అయినప్పుడు, ఆపి ఒక్క మాట అడగాల్సిన వాళ్లం ఇద్దరం ఉన్నాం. ఇద్దరమూ అడగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఎదురుగా ఉన్న దుకాణాల వరసలో ఒక ఫార్మసిస్టు ఆ చీటీని పూర్తిగా చదివారు. "ఎవరికమ్మా ఈ మందు?" అని అడిగారు. కుక్కకు అని చెప్పాను. బరువెంత అని అడిగారు. 18 అన్నాను. మోతాదు మనసులోనే లెక్క చూసుకుని, నా పేరు, చిరునామా రాసుకుని, చీటీ మీద తేదీ వేసి ముద్ర కొట్టి, 60 మాత్రలు ఇచ్చారు. మొత్తం 5 నిమిషాలు కూడా పట్టలేదు. మీ అందరినీ నేను అడగాలనుకుంటున్నది ఆయన చేసిన ఆ పనినే.

చట్టం భయం ఉందని తెలుసు. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. ఫినోబార్బిటోన్, డయజెపామ్, నొప్పికి వాడే ట్రమడాల్ వంటి మందులను మత్తు కోసం దారి తప్పించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల మీ లైసెన్సుకు ముప్పు వస్తుంది. కానీ దయచేసి 1945 నాటి ఔషధ నియమాల్లోని 65వ నియమాన్ని ఒకసారి తీసి చదవండి. చీటీ ఎలా ఉండాలో అందులోనే ఉంది: రాతలో ఉండాలి, రాసినవారి సంతకం, తేదీ ఉండాలి, మొత్తం ఎంత ఇవ్వాలో, మోతాదు ఎంతో ఉండాలి, ఎవరి చికిత్స కోసమో వారి పేరు, చిరునామా ఉండాలి. ఆ వెంటనే, మందు పశువైద్యం కోసమైతే జంతువు యజమాని పేరు, చిరునామా ఉండాలని కూడా ఉంది. పశువైద్యుడి చీటీతో యజమాని మీ కౌంటరు దగ్గరికి వస్తాడని ఆ నియమం రాసినవాళ్లు ముందే ఊహించారు. 2013లో వచ్చిన షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో డయజెపామ్, ట్రమడాల్ ఉన్నాయి. వాటిని అమ్మినప్పుడు రాసిన వైద్యుడి వివరాలు, ఎవరికిచ్చారో వారి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో విడి రిజిస్టరులో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి. రాయండి. మా పేరు, ఫోను నంబరు, కుక్క పేరు కూడా రాయండి. చీటీ నకలు ఉంచుకోండి. అనుమానం వస్తే మా ముందే వైద్యుడికి ఫోను చేయండి, మేం నిలబడతాం. పశువుల చీటీ కాబట్టి కుదరదు అని చదవకుండానే తిప్పి పంపడం ఒక్కటే వద్దంటున్నాను. మీరు తిప్పి పంపిన మనిషి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లి ఊరుకోడు. ఇంట్లో పాత డబ్బాలో ఏముందో వెతుకుతాడు.

ఇంకో వైపు నుంచి కూడా చెప్పాలి, ఎందుకంటే చీటీ ఉన్నా మందు ఇవ్వకపోవడం ఎంత కష్టమో, చీటీ లేకుండా ఇవ్వడం అంతకన్నా ఘోరం.

గాజువాకలో ఉండే మా చెల్లెలి దగ్గర తెల్లని పిల్లి ఉండేది. ఒక రోజు అది నలతగా ఉంటే, మా చెల్లెలు దగ్గరలోని మందుల దుకాణానికి వెళ్లి జ్వరం మాత్ర అడిగింది. ఎవరికి అని అక్కడ ఎవరూ అడగలేదు. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలో సగం పొడి చేసి పాలలో కలిపి పట్టింది. చంటిపిల్లలకు ఇచ్చే మందే కదా, సగమే కదా అనుకుంది. ఆ రాత్రికి పిల్లి ముఖం, పాదాలు వాచాయి. మర్నాటి ఉదయం చిగుళ్లు గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు తిరిగాయి. ఊపిరి కోసం నోరు తెరిచింది. పశువుల ఆస్పత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపుగా లేదు. అలా బయటికి పోని మందు ఒంట్లోనే విషంగా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడు చేస్తుంది, ఇక రక్తం ఒంట్లో తిరుగుతున్నా ప్రాణవాయువును మోయలేదు. ఒక పిల్లిని చంపడానికి మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర చాలు. దీనికి విరుగుడుగా వాడే ఎసిటైల్ సిస్టీన్ మనుషుల ఆస్పత్రుల్లో ఉండేదే, కానీ గంటల్లో అందాలి. మా చెల్లెలు ఇప్పటికీ ఆ పాల గిన్నె సంగతి ఎత్తితే ఏడుస్తుంది. తన చేతులతో పట్టానని దాని బాధ.

జంతువు మారితే మందు గుణమే మారిపోతుందని మన దేశం చాలా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ ఆవుకు బాగానే పనిచేసింది. ఆ ఆవు చనిపోయాక కళేబరంలో మిగిలిన కొద్దిపాటి మందు రాబందుల మూత్రపిండాలను చంపేసింది. ఆకాశం నిండా తిరిగిన రాబందులు దాదాపుగా మాయమైపోయాక, 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. దాని బదులు సూచించిన మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదు. ఆ మెలోక్సికామ్‌నే కుక్కల కీళ్ల నొప్పులకు కూడా వైద్యులు రాస్తారు. అయితే కుక్కకు రోజువారీ మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము దగ్గర ఉంటుంది. మీ అరలో ఉండే మనుషుల మాత్ర 7.5 మిల్లీగ్రాములు. అంటే ఒక్క మాత్ర 75 కిలోల కుక్కకు సరిపడా మందు. పదికిలోల పొమరేనియన్‌కు నొప్పి మాత్ర ఇవ్వమని అడిగినవారికి ఆ మాత్ర చేతిలో పెడితే ఏమవుతుందో లెక్క మీకే తెలుస్తుంది. కడుపులో పుండ్లు పడి నల్లటి విరేచనం అవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు ఇంకా ప్రమాదకరం. అప్పటికే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు వీటిలో ఏది కలిసినా ముప్పు చాలా పెరుగుతుంది.

మీ వృత్తిలో రోజూ జరిగే ఒక చిన్న పని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రాసిన కంపెనీ లేనప్పుడు ఇంకో కంపెనీది ఇస్తారు. మందు అదే, మోతాదు అదే అయితే మంచిదే, మాకు డబ్బు కలిసివస్తుంది. కానీ మన మార్కెట్లో కలిపి చేసిన మాత్రలు చాలా ఎక్కువ. మా వీధిలో 11 ఏళ్ల లాబ్రడార్‌కు తుంటి నొప్పికి వైద్యుడు గాబాపెంటిన్ రాస్తే, దుకాణంలో గాబాపెంటిన్‌తో నార్ట్రిప్టిలిన్ అనే మానసిక కుంగుబాటు మందు కలిసిన మాత్ర ఇచ్చారు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు ఆ ఇంటి కాలేజీ అమ్మాయి చదవబట్టి తెలిసింది. ట్రమడాల్ అడిగితే ట్రమడాల్‌తో పారాసిటమాల్ కలిసినది వస్తుంది. అది పిల్లికి వెళ్తే మా చెల్లెలి ఇంట్లో జరిగిందే జరుగుతుంది. మూర్ఛకే వాడే లెవెటిరాసెటామ్ మామూలు మాత్ర లేదని నెమ్మదిగా కరిగే రకం ఇస్తారు. ఆ రకాన్ని విరచకూడదు, నలగ్గొట్టకూడదు. విరిచి పెడితే రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. కుక్కకు మాత్ర వేసే ఇంట్లో విరచకుండా వేయడం అరుదు, అది మీరు గుర్తుంచుకోవాలి. చక్కెర లేని సిరప్పులు కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు. మనకు అది హాని చేయదు, కుక్కకు రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛే రావచ్చు. 30 మిల్లీగ్రాములవి అయిపోయి 60వి ఇచ్చినప్పుడు కవరు మీద "సగం మాత్ర" అని పెద్ద అక్షరాలతో రాయకపోతే ఆ ఇంట్లో ఆ నెలంతా రెట్టింపు మోతాదు వెళ్తుంది. కుక్క తూలుతూ నడుస్తుంటే జబ్బు ముదిరిందనుకుంటారు.

మూర్ఛ ఉన్న జంతువుకు నొప్పి మందు కావలసి వచ్చినప్పుడు ఇంకో మెలిక ఉంది. ట్రమడాల్ మూర్ఛను రేపగలదు. నొప్పికి ఒక వైద్యుడి దగ్గర, మూర్ఛకు ఇంకో వైద్యుడి దగ్గర చూపించే ఇళ్లు ఉంటాయి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు. ఆ రెండు చీటీలూ కలిసే చోటు మీ కౌంటరే. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని మనుషులను అడిగినట్టే మా జంతువుల గురించి కూడా అడగండి. అలాగే అత్యవసరానికి ఇంట్లో ఉంచమని డయజెపామ్ రాస్తారు, మూర్ఛ ఆగనప్పుడు మలద్వారం గుండా ఎక్కించడానికి. అది కుక్కకు. పిల్లికి డయజెపామ్ మాత్రలు నోటి ద్వారా రోజూ వేస్తే కొన్నిటికి కాలేయం పూర్తిగా పాడైపోయిన సందర్భాలు ఉన్నాయి. చీటీ మీద కుక్క అని ఉందా, పిల్లి అని ఉందా చూడటం అందుకే ముఖ్యం.

ఈ లేఖ పశువైద్యుల కంట కూడా పడుతుందని ఆశ. అయ్యా, అమ్మా, మీ రాత మీద మా ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. మందు పేరు విడి అక్షరాలతో రాయండి. జంతువు ఏదో, బరువెంతో, ఒక్కో మోతాదు ఎన్ని మిల్లీగ్రాములో, మొత్తం ఎన్ని మాత్రలో రాయండి. యజమాని పేరు, చిరునామా లేని చీటీని దుకాణదారు కాదంటే తప్పు ఆయనది కాదు. కలిపిన మాత్ర ఇవ్వవద్దు అని ఒక్క ముక్క జోడిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

పెంచుకునే మన సంగతీ ఉంది. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే కుక్కలతో నడిచేవాళ్లలో కొందరికి నా మాట వింతగా ఉండవచ్చు. కొన్ని కుక్కలకు ఫినోబార్బిటోన్ చాలక పొటాషియం బ్రోమైడ్ కూడా ఇస్తారు. ఒంట్లో ఉప్పు పెరిగితే మూత్రపిండాలు బ్రోమైడ్‌ను త్వరగా బయటికి తోసేస్తాయి. ఆ మందు వాడే కుక్క సముద్రపు నీళ్లు తాగినా, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన ఎండు చేపలు ఒక రోజు విందుగా తిన్నా, మందు సరిగ్గా వేస్తున్నా మూర్ఛ తిరిగి రావచ్చు. ఉప్పు రోజూ ఒకేలా ఉండాలి. ఫినోబార్బిటోన్ వాడే కుక్కకు ఆకలి, దాహం పెరుగుతాయి, పదేపదే మూత్రానికి వెళ్తుంది. దాన్ని చూసి మందు పడటం లేదని మనమే ఆపేయకూడదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు రక్తంలో మందు ఎంత ఉందో చూపించాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి కాలేయ పరీక్ష చేయించాలి. మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో చేయి గాని, చెంచా గాని పెట్టవద్దు, నాలుక మింగేయదు. చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, టైము చూసుకుని, వీలైతే ఫోనులో తీయండి. ఆ వీడియో వైద్యుడికి మన వంద మాటలకన్నా పనికొస్తుంది.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, దారుల నిండా కూలిన చెట్లు. అప్పుడు మా ఇంట్లో చిట్టి లేదు. ఇప్పుడు వాయుగుండం వార్త వినగానే నేను మాత్రలు లెక్కపెట్టుకుంటాను. వైద్యుడు రాసిన నెలకు మించి ఇవ్వమని మిమ్మల్ని అడగను, అది సరికాదు. కానీ మా వైద్యుడు తుఫాను నెలల్లో 15 రోజులకు అదనంగా రాసి సంతకం పెట్టినప్పుడు, ఎక్కువ మాత్రలని అనుమానించకుండా ఆయనకు ఒక ఫోను చేసి నిర్ధారించుకుని ఇవ్వండి. మూర్ఛ మందు వాడే ఇళ్లు మీ దగ్గరలో ఎన్ని ఉన్నాయో తెలిస్తే, రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ పక్కన ఉంచండి. స్టాకు అయిపోతే ఎవరి దగ్గర దొరుకుతుందో చెప్పండి. "ఇదీ ఫిట్స్‌కే" అని వేరొకటి మాత్రం ఇవ్వకండి.

చిట్టికి ఇప్పుడు మూర్ఛలు బాగా తగ్గాయి. ఉదయం 8 గంటలకు, రాత్రి 8 గంటలకు మాత్ర ముద్దపప్పు అన్నంలో పెట్టి తినిపిస్తున్నాం. ఇంట్లో ఇంకా 22 మాత్రలు ఉన్నాయి, అంటే 11 రోజులకు. అవి అయిపోయేలోగా ఆ రోజు కాదన్న మొదటి రెండు దుకాణాలకే, మా ఇంటికి దగ్గరివి కాబట్టి, కొత్త చీటీ తీసుకుని వస్తాను. దాని మీద నా పేరు, చిరునామా, కుక్క అన్న మాట, 18 కిలోలు అన్న అంకె, వైద్యుడి సంతకం, ఆయన ఫోను నంబరు ఉంటాయి. దయచేసి చివరి దాకా చదవండి.

ఇట్లు,
చిట్టి యజమానురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం